సముద్రపు ఊరి పెద్దవీధి: నడకకు ఎంత చోటు?

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో పెద్దవీధి మీద రెండు బరువులు పడతాయి. మొదటిది ఏ ఊళ్లోనైనా ఉండేదే: బట్టల కొట్లు, మందుల షాపులు, బ్యాంకులు, బడికి పోయే పిల్లలు, సరుకు దించే ట్రాలీ ఆటోలు. రెండోది సముద్రం తెచ్చిపెట్టేది: ఆదివారాలు, వేసవి సెలవులు, కార్తీక, మాఘ పౌర్ణమి స్నానాలకు ఒక్కసారిగా వచ్చిపడే జనం. మంగళవారం మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టుండే వీధి ఆదివారం సాయంత్రానికి కాలు మోపే సందు లేకుండా నిండిపోతుంది. ఈ రెండు రోజులకూ పనికొచ్చేలా వీధిని తిరిగి తీర్చిదిద్దడం ఎలా అన్నది పట్టణ ప్రణాళికలో పాత ప్రశ్నే. ఆరు దశాబ్దాలుగా అనేక దేశాల్లో జరిగిన ప్రయత్నాలను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఏ రాయి పరచాలి, ఏ దీపం పెట్టాలి అన్న చర్చ కన్నా ముందు తేలాల్సినవి మూడున్నాయి: వీధి వెడల్పులో ఎవరి వాటా ఎంత, ఏ వేళకు ఎవరిది, కట్టాక దాన్ని చూసుకునేది ఎవరు.

వెడల్పు పంపకం

వీధికి రెండువైపులా ఉన్న గోడలు జరగవు. కాబట్టి పెద్దవీధి లెక్క ఉమ్మడి ఆస్తి పంపకం లాంటిది. ఒకరికి పెరిగితే మరొకరికి తగ్గాల్సిందే. 18 మీటర్ల, అంటే దాదాపు 60 అడుగుల వీధిని తీసుకుందాం. రాకపోకలకు రెండు వరుసలు వదిలితే ఆరున్నర మీటర్లు పోతుంది. రెండు పక్కలా కార్లు నిలిపితే మరో 5 మీటర్లు. మిగిలిన ఆరున్నర మీటర్లను రెండుగా పంచితే ఒక్కో ఫుట్‌పాత్‌కు 3.25 మీటర్లు వస్తుంది. అందులోనే మురుగు కాలువ, కరెంటు స్తంభాలు, షాపుల మెట్లు, చెట్లు సర్దుకోవాలి. ఒక పక్క పార్కింగ్ తీసేస్తే చాలు, ఆ పక్క ఫుట్‌పాత్ 5.75 మీటర్లవుతుంది. ఒక్క కారు నిలిపే చోటు సుమారు పన్నెండున్నర చదరపు మీటర్లు. రెండు బల్లలు, ఒక చెట్టు, ఒక మంచినీళ్ల కుళాయి అందులో హాయిగా ఇముడుతాయి.

ఈ పంపకంలో తేడా వస్తే పోయేవి ప్రాణాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు ఐదోవంతు పాదచారులే. ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేకుండా నడవగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, ఆ ఫుట్‌పాత్ వికలాంగులకూ అనువుగా ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది.

నాలుగు పద్ధతులు

వీధిని నడకకు అనువుగా మార్చడానికి ఇప్పటిదాకా ప్రధానంగా నాలుగు దారులు తొక్కారు.

మొదటిది వాహనాలను పూర్తిగా ఆపేయడం. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ ఓడరేవు నగరం. అక్కడి ప్రధాన బజారు స్ట్రోయెట్‌ను 1962 నవంబరులో ప్రయోగాత్మకంగా కార్లకు మూశారు. ఆ చలిలో వీధిలో తిరిగేదెవరు, వ్యాపారం దెబ్బతింటుందని షాపులవారు అభ్యంతరం చెప్పారు. జనం మాత్రం ఆ వీధికి అలవాటుపడ్డారు, మూత శాశ్వతమైంది. వీధుల్లో మనుషులు ఎక్కడ నిలబడతారు, ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు ఉంటారు అని లెక్కగట్టే పద్ధతిని వాస్తుశిల్పి యాన్ గేల్ ఆ నగరంలోనే పెంచి పోషించారు. స్పెయిన్ వాయవ్యాన సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పోంతెవెద్రా పట్టణం ఇంకా ముందుకు వెళ్లింది. సుమారు 83,000 జనాభా ఉన్న ఈ ఊరికి 1999లో మేయరైన మిగెల్ అంషో ఫెర్నాండెస్ లోరెస్ పాత పట్టణం మొత్తాన్ని నడకకు అప్పగించారు. సరుకు దించేవారికి, ఇంటికి చేరాల్సినవారికి అనుమతి ఉంది. ఊరికే చక్కర్లు కొట్టే కార్లకు లేదు. కార్లు ఊరి అంచున నిలిపి నడిచి రావాలి. మెట్రో రైలు పటంలా కనిపించే ఒక పటం అక్కడ అచ్చువేశారు. అందులో గీతలు నడకదారులు, అంకెలు ఒక చోటి నుంచి మరో చోటికి పట్టే నిమిషాలు. కొత్తగా వచ్చినవారికి అది చూడగానే ఊరు చిన్నదని అర్థమవుతుంది.

రెండోది వేళను బట్టి మూయడం. మన దగ్గర బాగా కుదిరిన ఉదాహరణ పుదుచ్చేరి బీచ్ రోడ్డు, అధికారికంగా గోబేర్ అవెన్యూ. సాయంత్రం ఆరు గంటలకు పోలీసులు రెండు చివరలా బారికేడ్లు లాగుతారు. పొద్దున్న ఏడున్నర దాకా ఆ రోడ్డు మీద బండి రాదు. కాసేపటి క్రితం దాకా కార్లు తిరిగిన తారు మీదే పిల్లలు పరుగులు తీస్తారు, గాంధీ విగ్రహం చుట్టూ కుటుంబాలు చతికిలబడతాయి, వేరుశనగకాయల వాళ్లు పొట్లాలు చుడుతుంటారు. దీనికి కొత్త నిర్మాణం ఏమీ అక్కర్లేకపోయింది, బారికేడ్లు, రోజూ తప్పని ఒక వేళ సరిపోయాయి. విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ రోడ్డును తెల్లవారుజామున కొన్ని గంటలు నడకకే వదలడం కూడా ఈ కోవలోదే. పగటి వ్యాపారాన్ని ముట్టుకోకుండా ఊరివాళ్లకు నడక అలవాటు చేయడం ఈ పద్ధతికి బలం. పగటి పూట ఎండలో నడిచేవారికి ఏమీ దక్కకపోవడం దీని లోటు.

మూడోది బండ్లను ఉంచుతూనే ఫుట్‌పాత్‌లను బాగా వెడల్పు చేయడం. చెన్నై త్యాగరాయనగర్‌లోని పాండీ బజార్ దీనికి నమూనా. తెలుగు మూలాలున్న పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మోస్తున్న త్యాగరాయ రోడ్డు మీద పాదచారుల ప్లాజా 2019 నవంబరులో ప్రారంభమైంది. కట్టకముందే కొన్ని రోజులు రోడ్డును తాత్కాలికంగా మళ్లించి, అడ్డుకట్టలు పెట్టి, జనం ఎలా నడుస్తారో చూశారు. కాగితం మీద గీసినదాన్ని కాంక్రీటులో పోసే ముందు ఇలా చూసుకోవడం ఖర్చు తక్కువ, పాఠం ఎక్కువ.

నాలుగోది అందరికీ ఒకే తలం. ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ ఎత్తు తేడా లేకుండా మొత్తం ఒకే రాయి పరిచి, బండ్లను నడక వేగానికి దించడం. ఇంగ్లండ్ తీర పట్టణం బ్రైటన్‌లోని న్యూ రోడ్డును 2007లో ఇలా మార్చారు. వాహనాలు 93 శాతం తగ్గాయి, నడిచేవారు 62 శాతం పెరిగారు. కానీ చూపు లేనివారు ఫుట్‌పాత్ అంచును కర్రతో తడిమే దారి తెలుసుకుంటారు. ఆ అంచే లేకపోతే వీధి వారికి భయపెట్టే మైదానమవుతుంది. వారి సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో బ్రిటన్ ప్రభుత్వం 2018లో ఇలాంటి కొత్త పథకాలను ఆపమని స్థానిక సంస్థలకు సూచించింది. హారన్ కొట్టేవాడిదే దారి అన్న అలవాటున్న మన వీధుల్లో ఈ పద్ధతికి మరింత జాగ్రత్త కావాలి.

వెనక్కి తిరిగిన ప్రయోగాలు

వాహనాలను తీసేసినంత మాత్రాన వీధి కళకళలాడుతుందన్న భరోసా లేదు. 1960, 70 దశకాల్లో అమెరికాలో సుమారు రెండు వందల పట్టణాలు ప్రధాన వీధులను పాదచారుల మాల్‌లుగా మార్చాయి. వాటిలో ఎక్కువ భాగం మళ్లీ కార్లకు తెరుచుకున్నాయి. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో పట్టణం 1964లో మొదలుపెట్టిన ఫుల్టన్ మాల్‌లో 2017లో తిరిగి వాహనాలను అనుమతించింది. జనం నగర శివార్లకు తరలిపోయారు, వీధి చుట్టుపక్కల ఇళ్లు లేవు, సాయంత్రం షాపులు మూశాక అక్కడికి రావడానికి కారణమే లేకపోయింది.

అదే రాష్ట్రంలో సముద్రపు ఒడ్డునున్న సాంతా మోనికా కథ వేరు. అక్కడ థర్డ్ స్ట్రీట్‌ను 1965లో కార్లకు మూశారు. 1980లో వీధి చివర కొత్త షాపింగ్ మాల్ వచ్చాక అది వెలవెలబోయింది. 1989లో సినిమా హాళ్లు, భోజనశాలలు, వీధి కళాకారులతో మళ్లీ తీర్చిదిద్దాక పుంజుకుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఖాళీ షాపులు మళ్లీ దానికి సమస్యయ్యాయి. ఈ అనుభవాల్లో ఉమ్మడిగా కనిపించే అంశం ఒకటే. చుట్టూ జనం నివాసముండి, పొద్దున, సాయంత్రం, రాత్రి వేర్వేరు పనుల మీద వచ్చే వీధి నిలుస్తుంది. మన పట్టణాల బజార్లలో కింద షాపు, పైన ఇల్లు ఇంకా మిగిలి ఉండటం ఈ లెక్కన పెద్ద ఆస్తి.

ఫుట్‌పాత్ దగ్గరగా చూస్తే

మన పట్టణాల్లో ఒక మామూలు మెయిన్‌రోడ్డు మీద వంద అడుగులు నడిస్తే సమస్య కాలికి తగులుతుంది. ఫుట్‌పాత్ అంటే మురుగు కాలువ మీద పరిచిన సిమెంటు పలకలు. ఒకటి విరిగి ఉంటుంది, ఇంకొకటి పూడిక తీయడానికి లేపి పక్కన పెట్టి ఉంటుంది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. దాన్ని దాటితే షాపువాళ్లు బండ్లు ఎక్కించడానికి పోసుకున్న సిమెంటు వాలు. ఆపైన వరుసగా స్కూటర్లు. వంద అడుగుల్లో నాలుగైదుసార్లు రోడ్డు మీదికి దిగాల్సి వచ్చాక మనిషి ఇక ఎక్కడం మానేసి రోడ్డు మీదే నడుస్తాడు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల సౌకర్యాలపై సవరించి ఇచ్చిన మార్గదర్శకాలు (ఐఆర్‌సీ 103) దీనికి సూటి పరిష్కారం చెబుతాయి. ఫుట్‌పాత్‌ను మూడు పట్టీలుగా చూడాలి. గోడ పక్కన షాపు ముందు నిలబడి చూసేవారికి ఒకటి, నడకకు ఒకటి, రోడ్డు అంచున స్తంభాలు, చెట్లు, బల్లలు, తోపుడు బండ్లకు ఒకటి. మధ్య పట్టీలో కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు మేర ఏ అడ్డూ ఉండకూడదు. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా దాటడానికి ఆ వెడల్పు కావాలి. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మోకాలి ఎత్తు గట్టు కట్టి ఫుట్‌పాత్ అని పిలిస్తే వయసు మళ్లినవారు దాన్ని ఎక్కరు. వీధి దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే బండ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి, నడిచేవాడు దిగి ఎక్కనక్కర్లేదు.

సందర్శకుల మాటకొస్తే ముందు కావాల్సింది మరుగుదొడ్డి. సముద్ర స్నానానికి వచ్చిన ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది, ఉప్పు కడుక్కునే మంచినీళ్లు, తాగునీళ్లు, సంచులు పెట్టుకునే చోటు లేకుండా సెల్ఫీ పాయింట్లు, రంగుల బొమ్మలు ఎన్ని పెట్టినా వీధి అనువైనది అనిపించుకోదు.

ఎండ, ఉప్పు, తుపాను

తీరపు వీధికి ప్రకృతి పెట్టే షరతులు లోపలి ఊళ్లకు ఉండవు. విశాఖ అక్షాంశం మీద మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. గోడలకు నీడే ఉండదు. ఆ వేళ చెట్టు గొడుగు, షాపు పంచ తప్ప దిక్కు లేదు. బీచ్ అనగానే కొబ్బరి మొక్కలు నాటడం పరిపాటి. కొబ్బరి ఫొటోలో బాగుంటుంది, నీడ తక్కువ, కాయ పడితే ప్రమాదం. ఉప్పుగాలికి తట్టుకుని గుబురుగా పెరిగే గంగరావి, పొన్న, కానుగ వీధికి మెరుగు. వేరుకు మట్టి వదలకుండా మొదలు చుట్టూ సిమెంటు పోస్తే ఏ చెట్టూ నిలవదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరం వేల చెట్లను కోల్పోయింది. నీడ తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. లోపలి ఊళ్ల టెండరులోని దీపస్తంభాలనే తీరంలో నిలబెడితే కొన్నేళ్లకే మొదలు దగ్గర పొరలు లేస్తాయి. మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగులకూ తుప్పు మరకలు పడతాయి. సముద్రపు గాలికి తగిన రకం ఖరీదు ఎక్కువైనా మన్నుతుంది. నున్నటి టైల్స్ తడి ఇసుక పడితే జారుతాయి, గరుకు గ్రానైట్ మేలు. ఎగిరొచ్చే ఇసుక కాలువల్లో పూడుకుంటుంది కాబట్టి మూతలు సులువుగా తీసి పెట్టేలా ఉండాలి.

చెన్నై మెరీనాలో చక్రాల కుర్చీలు నీళ్ల దాకా వెళ్లేలా 2022 నవంబరు 27న ఒక చెక్కదారి తెరిచారు. రెండు వారాలైనా గడవకముందే మాండూస్ తుపాను దాని సముద్రం వైపు భాగాన్ని విరగ్గొట్టింది. బాగుచేసి మళ్లీ తెరిచారు. దారి వేయడం తప్పని ఎవరూ అనలేరు. ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపానులను అంచనాలో రాసుకోవాలన్నదే దీని పాఠం. విప్పి పెట్టుకోగల భాగాలతో కడితే తుపాను హెచ్చరిక రాగానే తీసి దాచవచ్చు.

ఒడ్డే కోతకు గురైతే వీధి సంగతి చెప్పనక్కర్లేదు. తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మధ్యలో హార్బరు గోడ అడ్డుపడితే ఉత్తరం వైపు ఒడ్డు కరిగిపోతుంది. 1980ల చివర కట్టిన హార్బరు తర్వాత పుదుచ్చేరి బీచ్ ఇసుకను కోల్పోయి రాళ్లకట్టగా మిగిలింది. నీళ్లలో కృత్రిమ దిబ్బ దించాక, 2018 నుంచి ఒక భాగంలో ఇసుక తిరిగి చేరింది. కాకినాడ నుంచి ఉప్పాడకు పోయే బీచ్ రోడ్డును అలలు పదేపదే కోసేస్తున్నాయి. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు (మొదట 1991, తర్వాత 2011, 2019) ఒడ్డు మీద కట్టడాలను అదుపు చేస్తాయి. వాటిని అడ్డంకిగా చూసే మునిసిపాలిటీలు అలల నుంచి తమ డబ్బును కాపాడేవి కూడా అవేనని గుర్తించాలి.

బండి మీద బతుకు, వల మీద బతుకు

బీచ్ వీధికి రుచి తెచ్చేది ముంత మసాలా, మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు. సుందరీకరణ మొదలవగానే ముందు తీసేసేది కూడా ఆ బండ్లనే. 2014 వీధి వ్యాపారుల చట్టం దీన్ని ఒప్పుకోదు. సర్వే చేయకుండా, గుర్తింపు ఇవ్వకుండా ఖాళీ చేయించకూడదు. చోటు నిర్ణయించే పట్టణ వీధి విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. రూపకల్పన పరంగా కావాల్సింది కొద్దిదే: అంచు పట్టీలో గీత గీసిన చోటు, నీళ్లు, చెత్తడబ్బా, మీటరు పెట్టిన కరెంటు. రాత్రి పొద్దుపోయేదాకా వెలుగూ మనుషులూ ఉండటం వల్ల ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు ఆ బండ్లే భద్రత.

మత్స్యకారులకు ఒడ్డు పనిచోటు. వలలు ఆరబెట్టడం, పడవలు లాగడం, చేపలు అమ్మడం అక్కడే సాగాలి. 2023 ఏప్రిల్లో మద్రాసు హైకోర్టు చొరవతో చెన్నై మెరీనా లూప్ రోడ్డు మీది చేపల అంగళ్లను కార్పొరేషన్ తొలగించింది. నొచ్చికుప్పం జాలర్లు ఆ రోడ్డు తమ పల్లెల మధ్య నుంచి వేసిందేనని చెబుతూ ఆందోళనకు దిగారు. చివరికి అక్కడే 366 అంగళ్ల మార్కెట్ కట్టి 2024 ఆగస్టులో తెరిచారు. ఆ మార్కెట్ ముందుగా వచ్చి ఉంటే గొడవే ఉండేది కాదు.

షాపుల లెక్క, అద్దెల లెక్క

కార్లు ఆపితే బేరాలు పోతాయన్న భయం అన్ని దేశాల్లోనూ ఒకటే. ఇంగ్లండ్‌లోని ఓడరేవు నగరం బ్రిస్టల్‌లో జరిగిన ఒక సర్వేలో తమ కొనుగోలుదారుల్లో 41 శాతం కార్లలో వస్తారని షాపులవారు అంచనా వేశారు. కొనుగోలుదారులనే అడిగితే తేలింది 22 శాతం. షాపు ముందు నిలిపే కార్లు చాలావరకు యజమానివి, పనివాళ్లవి కావడం ఏ బజారులోనైనా గంటసేపు నిలబడితే కనిపిస్తుంది. పార్కింగ్‌ను వీధి వెనక్కి మార్చి, గంటకింతని రుసుము పెట్టి, సరుకు దించడానికి తెల్లవారుజామున వేళ కేటాయిస్తే ఎక్కువ చిక్కులు తీరతాయి. ఆటో స్టాండూ బస్సు స్టాపూ మాత్రం దగ్గరలోనే ఉండాలి. కారు లేనివారిని దూరం నెట్టిన పథకాన్ని పాదచారుల పథకం అనలేం.

రెండో ప్రమాదం వీధి బాగా నడిచాక వస్తుంది. అద్దెలు పెరిగి పచారీ కొట్టు పోయి కాఫీ షాపు వస్తుంది, ఇల్లు పోయి హోటల్ గది వస్తుంది. సందర్శకుల తాకిడి తట్టుకోలేక వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి ఎంపిక చేసిన రోజుల్లో, ఒక్కరోజు కోసం వచ్చేవారి నుంచి 5 యూరోల రుసుము వసూలు మొదలుపెట్టింది. అంత దూరం రాకముందే ఏ భవనం దేనికి వాడొచ్చో మునిసిపాలిటీ హద్దులు గీసుకోవచ్చు.

తెలుగు తీరంలో

ఆంధ్ర తీరంలో ఒక ప్రత్యేకత ఉంది. చాలా పట్టణాల పెద్దవీధికీ సముద్రానికీ మధ్య కిలోమీటర్ల దూరం. బాపట్ల బజారు ఒకచోట, సూర్యలంక బీచ్ దాదాపు 9 కిలోమీటర్ల అవతల. మచిలీపట్నానికీ మంగినపూడికీ, చీరాలకూ వాడరేవుకూ ఇదే సంబంధం. సందర్శకుడు కారులో సరాసరి ఒడ్డుకు పోయి, అలాగే తిరిగి పోతాడు. ఊరి బజారుకు మిగిలేది పొగ, చెత్త. ఇలాంటి చోట రైల్వే స్టేషను నుంచి బజారు మీదుగా బీచ్‌కు తరచూ తిరిగే బస్సు, బజారులో మంచి ఫుట్‌పాత్, ఊరి సరుకు అమ్మే చోటు ఉంటే తప్ప పర్యాటకం ఊరికి దక్కదు. చీరాల నేత, మచిలీపట్నం కలంకారీ కొనదలచినవారు బజారులో దిగి నడవాలి కదా.

భీమునిపట్నం వేరు. 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడిన ఆ ఊళ్లో పాత వీధులు, డచ్చివారి సమాధులు, లైట్‌హౌస్, ఒడ్డు అన్నీ కాలినడక దూరంలోనే ఉన్నాయి. వేళను బట్టి మూసే పద్ధతికి ఇంతకన్నా తగిన ఊరు అరుదు.

కట్టిన తర్వాత

విశాఖ దగ్గరి రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నిర్వహణ లోపాల వల్ల 2025 మొదట్లో ఆ జెండా కొద్దికాలం దిగిపోయింది. లోపాలు సరిచేశాక తిరిగి వచ్చింది. వీధులకూ ఇదే వర్తిస్తుంది. విరిగిన పలక వారంలో మార్చకపోతే ఆ సందులో స్కూటరు నిలుస్తుంది. నెల గడిస్తే అది పార్కింగ్ అవుతుంది.

కాబట్టి వరుస ఇది. మొదట ఒక మంగళవారం, ఒక ఆదివారం నడిచేవారిని, బండ్లను, కూర్చునేవారిని లెక్కపెట్టాలి. తర్వాత రంగు గీతలు, పూలకుండీలు, బారికేడ్లతో కొన్ని నెలలు నడిపి చూడాలి. వ్యాపారులు, జాలర్లు, చూపు లేనివారు చెప్పింది విని మార్చాలి. ఆపైనే రాయి, కాంక్రీటు. టెండరులో కనీసం ఐదేళ్ల నిర్వహణ, ఏటా తుపాను తర్వాతి మరమ్మతు ఖర్చు చేరి ఉండాలి. ఆ పద్దు లేని ప్రణాళిక ఎంత అందంగా గీసినా, దాన్ని కౌన్సిలు ఆమోదించకపోవడమే ఊరికి మేలు.